జానెడు మొక్క పనితనం

హైదరాబాద్ హైటెక్ సిటీలో 2018 ఆగస్టులో ఐకియా దుకాణం తెరిచినప్పుడు మనవాళ్లలో చాలామంది లింగన్‌బెర్రీ రుచి మొదటిసారి చూశారు. అక్కడి భోజనశాలలో చికెన్ ఉండల పక్కన చెంచాడు ఎర్రటి జామ్ వేసి ఇస్తారు. నాలుక మీద పెట్టగానే తీపి, వెంటనే పులుపు, ఆ రెండూ దిగిపోయాక గొంతు దగ్గర సన్నటి చేదు. మాంసంలోకి పండ్ల జామ్ ఏమిటని మొహం చిట్లించినవాళ్లూ ఉన్నారు, సీసా కొనుక్కుని ఇంటికి పట్టుకెళ్లినవాళ్లూ ఉన్నారు. ఆ సీసాలోకి వచ్చింది ఆ మొక్క చేసిన పనిలో చివరి కొస మాత్రమే. అసలు పనంతా స్వీడన్, ఫిన్లాండ్, నార్వే, రష్యా దేశాల చలినేలల్లో, పైన్ చెట్ల నీడనా, చెట్టూ చేమా లేని బయళ్లలోనూ, జానెడు ఎత్తులో జరుగుతుంది.

దీని శాస్త్రనామం వాక్సీనియం వైటిస్-ఐడియా. 1753లో లినేయస్ తన ‘స్పీషీస్ ప్లాంటారమ్’లో ఖాయం చేసిన పేరు. ‘ఐడా కొండ ద్రాక్షతీగ’ అని దాని అర్థం. మంచునేల మొక్కకు మధ్యధరా తీరపు కొండ పేరు తగిలించడం నాకు నచ్చదు. అక్కడి జనం పెట్టుకున్న పేర్లే దీనికి అందం. స్వీడన్‌లో లింగన్, ఫిన్లాండ్‌లో పువోలుక్కా, రష్యాలో బ్రుస్నికా. అట్లాంటిక్ దాటి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌కి వెళ్తే పార్ట్రిడ్జ్‌బెర్రీ, అంటే కౌజుపిట్ట పండు. ఉత్తర ధ్రువం చుట్టూ తలపాగా చుట్టినట్టు, ఐరోపా, ఆసియా, ఉత్తర అమెరికా మూడింటి పైభాగాల్లోనూ ఇది ఉంది.

ఈ మొక్క గురించి చదివేకొద్దీ, చూసేకొద్దీ నాకు తేలింది ఒక్కటే. పెరగాలన్న ఆశ దీనికి లేదు. సంపాదించిన దాన్ని చేజారనివ్వకుండా దాచుకోవడం మీదే దీని నేర్పంతా. ఆకులో, వేరులో, పండులో ఎక్కడ చూసినా అదే పనితనం.

ముందు అది నిలబడ్డ నేల చూడాలి. ఉత్తరాది అడవి కింద మట్టిని అడ్డంగా కోస్తే పైన నల్లటి ఆకుమట్టి పొర, దాని కింద బూడిదరంగు ఇసుక, ఆ కింద తుప్పు రంగు పొర కనిపిస్తాయి. వాన, కరిగిన మంచు కలిసి ఇసుకలోని ఇనుమునూ ఇతర ఖనిజాలనూ కిందికి కడిగేస్తే మిగిలిన బూడిద అది. రష్యన్ రైతులు దాన్ని పోడ్జోల్ అన్నారు, బూడిద కింద ఉన్నది అన్న అర్థంలో. ప్రపంచంలోని మట్టిశాస్త్రమంతా ఆ మాటనే తీసుకుంది. పుల్లటి నేల, బీద నేల. ఆకులు రాలతాయి గానీ చలికి కుళ్లవు, కుళ్లకపోతే నత్రజని విడుదల కాదు. మన నల్లరేగడి మీద పుట్టి పెరిగినవాళ్లకు దాన్ని పొలం అనబుద్ధి కాదు. ఫిన్లాండ్‌లో అలాంటి పొడి అడవినేలను ‘కంగాస్’ అంటారు. వాళ్ల భాషలో బట్టకీ అదే మాట. ఆ రెండు అర్థాలూ ఒక మూలం నుంచి వచ్చాయో లేదో భాషావేత్తలు తేల్చాలి గానీ, లింగన్‌బెర్రీ పరుచుకున్న నేలను చూసినవాళ్లకు ఆ మాట సరిగ్గా అతికినట్టు ఉంటుంది.

ఇప్పుడు ఒక్క ఆకు తుంచి అరచేతిలో పెట్టుకోండి. పెద్దదైతే మూడు సెంటీమీటర్లు, చిన్నదైతే గోరంత. కోడిగుడ్డు ఆకారం. పైన ముదురు పచ్చ, నూనె రాసినట్టు నిగనిగ. వేళ్ల మధ్య వంచితే పల్చటి ఆకులా నలగదు, తోలుముక్కలా వంగి మళ్లీ లేస్తుంది. అంచులు కిందికి కాస్త చుట్టుకుని ఉంటాయి, పంచె అంచు మడిచి కుట్టినట్టు. వెనక్కి తిప్పితే వెలిసిన పచ్చదనం మీద సూదిమొనతో పొడిచినట్టు నల్లటి చుక్కలు. ఆ చుక్కలు చిన్న చిన్న గ్రంథులు. లింగన్‌బెర్రీ ఆకును గుర్తుపట్టడానికి ఇంతకంటే నమ్మకమైన ఆనవాలు లేదు.

ఇంత గట్టి ఆకు ఎందుకు చేసుకుంది? చలికి తట్టుకోవడానికి అని వెంటనే అనేస్తాం. సగమే నిజం. సున్నాకి 40 డిగ్రీలు దిగువన కూడా బతికే శక్తి ఆకు కణాల లోపల ఉంది. పగటిపూట తగ్గుతున్నకొద్దీ అవి చక్కెరలు కూడబెట్టుకుంటాయి. నీళ్లను కణం బయటికి పంపి, గడ్డకడితే అక్కడే గడ్డకట్టేలా చూసుకుంటాయి. తోలులాంటి ఒంటి మీది మైనపు పూత మాత్రం దాహం కోసం. మార్చి, ఏప్రిల్ నెలల్లో అక్కడ సూర్యుడు తిరిగి వస్తాడు గానీ నేల ఇంకా రాయిలా గడ్డకట్టే ఉంటుంది. వేరుకు చుక్క నీరు అందదు. పైన ఆకు ఎండకు వేడెక్కి ఉన్న తేమను పోగొట్టుకుంటుంది. మన దగ్గర మేలో మొక్క ఎలా వాడిపోతుందో, అక్కడ మంచు మధ్య మొక్క అలాగే దాహంతో చచ్చిపోగలదు. ఆ కొద్ది వారాలు గట్టెక్కడానికే ఆ మైనం, ఆ మందం, ఆ మడిచిన అంచు.

అలా కష్టపడి చేసుకున్న ఆకును ఒక్క వేసవికే పారేయడం కుదరదు. పక్కనే ఉన్న బర్చ్ చెట్టు ఏటా వసంతంలో పల్చటి ఆకులు వేసి, శరత్తులో పసుపుగా మార్చి రాల్చేస్తుంది. లింగన్‌బెర్రీ ఆకు మూడు, నాలుగు వేసవులు పని చేస్తుంది. మంచు కరిగి వెలుతురు తగిలిన రోజునే పాత ఆకు పనిలోకి దిగుతుంది. బర్చ్ మొగ్గ విప్పేటప్పటికి దీని సంపాదన మొదలైపోయి ఉంటుంది. వేసవి రెండు, మూడు నెలలకు మించని చోట పది రోజులు ముందు లేవడం చిన్న విషయం కాదు. ముదిరిన ఆకు రాలబోయే ముందు అందులోని నత్రజనిలో కొంత వెనక్కి లాగేసుకుని, కొత్త చిగురుకు ఇస్తుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తలుపు గడియలు కూడా ఊడదీసుకుపోయే పాతకాలపు పొదుపు అది.

దీని ఎత్తు గురించి చాలామంది పొరబడతారు. బీద నేల కాబట్టి గిడసబారిపోయిందని రాస్తారు. నేను ఒప్పుకోను. ఎత్తును కొలిచి కట్టేది మంచు. అడుగున్నర మంచు పడితే దాని పైన గాలి సున్నాకి 30 డిగ్రీల దిగువన కోస్తున్నా, అడుగున నేలకు ఆనుకున్న చోట చలి అందులో చాలా తక్కువ. మంచు పొరల మధ్య చిక్కుకున్న గాలి మన ఇళ్లలో దూది బొంతలా పని చేస్తుంది. మంచు దాటి పైకి తల ఎత్తిన కొమ్మను గాలిలో కొట్టుకొచ్చే మంచురవ్వలు ఇసుక కాగితంలా గీకేస్తాయి. అందుకే జానెడు, జానెడున్నర. దుప్పటి ఎంత ఉందో అంతే కాళ్లు చాపుకుంది.

ఆ దుప్పటి లేకపోతే ఏమవుతుందో 2007 డిసెంబరులో తెలిసింది. స్కాండినేవియా ఉత్తర కొసన చలికాలం నడిమధ్య కొద్ది రోజులు గాలి వేడెక్కి, మంచు కరిగి, పొదలు బయటపడ్డాయి. మళ్లీ చలి విరుచుకుపడింది. తర్వాతి వేసవికి వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా నేల పచ్చదనం తగ్గిపోయిన సంగతి ఉపగ్రహ చిత్రాల్లో కూడా కనిపించింది. ఎక్కువగా దెబ్బతిన్నది లింగన్‌బెర్రీకి చుట్టమైన క్రోబెర్రీ. సున్నాకి 40 డిగ్రీల కిందకు దిగినా చావని జాతులు, వెచ్చటి వారానికి చనిపోయాయి. ధ్రువప్రాంతం వేడెక్కడం అంటే ఏమిటో అర్థం కావడానికి నాకు కరిగే హిమనదుల బొమ్మల కంటే ఈ గోధుమరంగు పొదల మాటే ఎక్కువ పనికొచ్చింది.

నేల కింద పని ఇంకా సూక్ష్మం. లింగన్‌బెర్రీ కాండం సగం మట్టిలోనే అడ్డంగా పాకుతూ, అక్కడక్కడ పైకి రెమ్మలు పంపుతుంది. ఒక గదంత మేర పరుచుకున్న గుబురు చాలాసార్లు ఒకే మొక్క. పైన మంట పాకి వెళ్లినా, మంట మరీ లోతుకు దిగకపోతే, ఆ పాకుడు కాండం నుంచి మళ్లీ చిగురిస్తుంది. అసలు వేర్లు తలవెంట్రుకంత సన్నటివి. మామూలు మొక్కల వేర్ల మీద ఉండే నూగు వాటికి ఉండదు. ఆ చోటును ఒక శిలీంధ్రం తీసుకుంది. అది వేరు పైపొర కణాల్లోకి దూరి, దారపు ఉండలా చుట్టుకుని కూర్చుంటుంది. దాని పోగులు బయటికి వెళ్లి, కుళ్లని ఆకుమట్టిలోని మాంసకృత్తులను విడగొట్టి నత్రజని తెచ్చి ఇస్తాయి. బదులుగా మొక్క చక్కెర ఇస్తుంది. మిగతా మొక్కలకు అందని బీరువా తాళం లింగన్‌బెర్రీ కుటుంబం దగ్గర ఉందన్నమాట. పోడ్జోల్ మీద ఇవి ఇంత దర్జాగా బతకడానికి కారణం ఆ శిలీంధ్రమే.

పువ్వు జూన్‌లో వస్తుంది. దాని మొగ్గను కిందటి వేసవిలోనే తయారుచేసి పెట్టుకుంటుంది. రెమ్మ చివర గుత్తిగా, తెల్లగా, అంచున గులాబీ చాయతో, తలకిందులుగా వేలాడే చిన్న గంటలు. ఒక్కొక్కటి అర సెంటీమీటరు పొడవు. తల వంచుకుని ఉండడంలో లాభం ఉంది. వాన నీరు లోపలికి పోదు, పుప్పొడి తడవదు. ఇక లోపల ఉన్న ఏర్పాటు చూస్తే కంసాలి పని గుర్తొస్తుంది. ఎనిమిది కేసరాలు చుట్టూ నిలబడి ఉంటాయి. ఒక్కో పరాగకోశం చివర రెండు సన్నటి గొట్టాలు, వాటి కొసన రంధ్రాలు. పుప్పొడి ఆ రంధ్రాల నుంచి తప్ప బయటికి రాదు. బంబుల్ బీ అనే బొద్దు తుమ్మెద వచ్చి, కాళ్లతో పువ్వును పట్టుకుని, రెక్కలు ఆడించకుండా ఎగిరే కండరాలను మాత్రమే అదురిస్తుంది. ఆ జుయ్యిమనే అదురుకు పుప్పొడి మిరియాల డబ్బా దులిపినట్టు దాని పొట్ట మీద రాలుతుంది. మధ్యలో కీలం గంట అంచు దాటి బయటికి పొడుచుకుని ఉంటుంది కాబట్టి, తుమ్మెద లోపలికి వచ్చే ముందే వెనకటి పువ్వు నుంచి తెచ్చిన పుప్పొడి దానికి అంటుకుంటుంది.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. వంకాయ పువ్వు, టమాటా పువ్వు కూడా చిల్లుల నుంచే పుప్పొడి వదిలేవి. మన పెరట్లో వంగ మొక్కల దగ్గర నల్లటి పెద్ద తుమ్మెద ఒక్కసారిగా గొంతు మార్చి జుయ్యిమనడం విన్నవాళ్లకు, ఫిన్లాండ్ అడవిలో జూన్ మధ్యాహ్నం వినిపించే శబ్దం తెలిసినట్టే. ఇంత దూరాన ఉన్న రెండు కుటుంబాలు ఒకే తాళంచెవి చేయించుకున్నాయి.

పండు ఎర్రబడడానికి రెండు నెలలకు పైగా పడుతుంది. ఆగస్టు చివర నుంచి సెప్టెంబరంతా కోత. బఠాణీ గింజంత, మహా అయితే సెంటీమీటరు. జామకాయ అడుగున ఎండిన కుచ్చు ఉంటుంది చూడండి, దీనికీ సరిగ్గా అలాంటిదే ఉంటుంది. తొడిమకు ఎదురు కొసన చిన్న కిరీటం. ఆ కిరీటాన్ని గుర్తుపెట్టుకోండి, దానితో పని పడుతుంది.

పండిన మామిడి రెండు రోజులు, పండిన జామ మూడు రోజులు. ఆపైన పుచ్చిపోతాయి, పురుగు పడతాయి. లింగన్‌బెర్రీ పండు మంచు కింద చలికాలమంతా రెమ్మకే వేలాడి, మళ్లీ వసంతంలో ఎర్రగానే బయటికి వస్తుంది. చలి ఒక్కటే కారణమైతే ఇంట్లో పెట్టినప్పుడు చెడిపోవాలి. చెడిపోదు. ఈ పండు తన ఒంట్లో తనే బెంజోయిక్ ఆమ్లం తయారుచేసుకుంటుంది. మనం బజార్లో కొనే పచ్చళ్ల సీసా, సాస్ సీసా వెనక్కి తిప్పి చూస్తే చిన్న అక్షరాల్లో ‘ఐఎన్‌ఎస్ 211’ అని ఉంటుంది. సోడియం బెంజోయేట్, అదే ఆమ్లపు ఉప్పు. కర్మాగారాలు బూజు పట్టకుండా కలిపే దాన్ని ఈ మొక్క ఎప్పటి నుంచో స్వయంగా చేసుకుంటోంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. బెంజోయిక్ ఆమ్లం పులుపు లేని చోట దాదాపు పనికిరాదు. పులుపు బాగా ఉన్నప్పుడే అది విడిపోకుండా పూర్తి అణువుగా ఉండి, బూజు కణంలోకీ ఈస్ట్ కణంలోకీ దూరగలుగుతుంది. లింగన్‌బెర్రీ నిండా నిమ్మలో ఉండే సిట్రిక్ ఆమ్లం, ఆపిల్‌లో ఉండే మాలిక్ ఆమ్లం. అంటే మందునూ, మందు పనిచేయడానికి కావలసిన పథ్యాన్నీ ఒకే తొక్కలో పెట్టింది. నోటికి తగిలే ఆ పులుపూ, చివరి చేదూ రుచి కోసం చేసినవి కావు. కాపలా కోసం చేసినవి మనకు రుచిగా దొరికాయి.

ఊరగాయ పెట్టే జాతికి ఇది ఎంత గొప్ప సంగతో వేరే చెప్పాలా? మన ఇంట్లో మామిడికాయను ఏడాది నిలబెట్టడానికి ఉప్పు కావాలి, కారం కావాలి, ఆవపిండి కావాలి, మునిగేలా నూనె కావాలి, తడి చెయ్యి తగలకుండా జాడీకి వాసెన కట్టాలి. స్వీడన్ పల్లెల్లో పాత పద్ధతి ఏమిటంటే, పండ్లు కడిగి, జాడీలో పోసి, మామూలు నీళ్లు నింపి, చల్లటి నేలమాళిగలో పెట్టడమే. ‘వాట్‌లింగన్’ అంటారు, నీటి లింగన్. చలికాలమంతా తీసుకుని తినడమే. రెండో పద్ధతి ‘రోరోర్డా లింగన్’. పచ్చి పండ్లలో పంచదార వేసి, అది కరిగేదాకా కలుపుతారు. పొయ్యి అంటించరు. మాంసపు ఉండలకూ, బంగాళాదుంప అట్లకూ, రెయిన్‌డీర్ వేపుడుకూ పక్కన ఉండేది అదే. ఫిన్లాండ్‌లో మన బొంబాయి రవ్వలాంటి రవ్వను ఈ పండ్ల రసంలో జావలా ఉడికించి, చల్లార్చి, గులాబీ రంగు నురగ వచ్చేదాకా గిలకొట్టి పాలతో తింటారు. పేరు విస్పిపూరో. ఉప్మా రవ్వకు అలాంటి గతి పట్టగలదని ఊహించని మనకు ఆ గిన్నె చూస్తే ముచ్చట వేస్తుంది.

కోసే పనిముట్టు కూడా చూడదగ్గది. చేటలాంటి చిన్న పెట్టె, ముందు అంచున దువ్వెన పళ్లు, పైన పిడి. పూర్వం చెక్కతో చేసేవాళ్లు, ఇప్పుడు ప్లాస్టిక్, ఇనుము. పళ్ల మధ్య సందు పండు కంటే కొంచెం తక్కువ. కింద నుంచి పైకి దువ్వితే రెమ్మ, ఆకు సందుల్లోంచి జారిపోయి పండు పెట్టెలో పడుతుంది. ఎంత దువ్వినా కొంత ఆకు వస్తుంది. దాన్ని వేరుచేయడానికి వాలుగా పెట్టిన పలక మీద పోస్తారు. గుండ్రటి పండు దొర్లిపోతుంది, ఆకు అంటుకుని ఆగిపోతుంది. వడ్లు తూర్పారబట్టే చేతులకు ఆ పని ఎవరూ నేర్పక్కర్లేదు.

స్వీడన్‌లో, ఫిన్లాండ్‌లో అడవి ఎవరిదైనా, అందులో నడవడానికీ, అడవి పండ్లు కోసుకోవడానికీ అందరికీ హక్కు ఉంది. సొంతదారు అనుమతి అడగనక్కర్లేదు. భూమి గట్టు మీద గడ్డి కోసినా తగవులు పడే చోటు నుంచి చూస్తే ఆ హక్కు మీద గౌరవం కలుగుతుంది. ఆ మంచి హక్కు నీడలోనే ఒక చెడూ పెరిగింది. ఇప్పుడు అమ్మకానికి కోసే పండ్లలో ఎక్కువ భాగం స్థానికులు కోయరు. ప్రతి వేసవిలో థాయ్‌లాండ్ నుంచి వేల మంది అప్పు చేసి విమానం ఎక్కి వచ్చి కోస్తారు. కోత సరిగా లేని ఏడాది ఆ అప్పు తీరదు. వాళ్లను దోచుకున్న కేసులు ఆ దేశాల కోర్టుల దాకా వెళ్లాయి. గల్ఫ్‌కు మనుషులను పంపిన ఊళ్లున్న మనకు ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. జామ్ సీసా మీద ఆ చేతుల పేరు కూడా ఉండాలని నా కోరిక.

ఇక చుట్టాల సంగతి. ఇదే నేల మీద క్రోబెర్రీ అనే నల్లపండు పొద ఉంటుంది. చాలా ఉత్తరాది భాషల్లో దాని పేరులో కాకి ఉంది. దాని ఆకు లింగన్‌బెర్రీ ఆకు నేర్పును చివరిదాకా లాగిన పని. అంచులు కాస్త మడవడంతో ఊరుకోకుండా, రెండు వైపుల నుంచీ చుట్టుకుని వచ్చి మధ్యలో దాదాపు కలిసిపోయాయి. ఆకు కాస్తా అర సెంటీమీటరు గొట్టం అయింది. వెనక తిప్పితే సన్నటి తెల్లగీత కనిపిస్తుంది, అది ఆ అతుకు. ఊపిరి రంధ్రాలన్నీ గొట్టం లోపల, నూగు కాపలాలో. గాలికి తేమ ఎలా పోతుంది? పువ్వు మీద అది ఖర్చే పెట్టలేదు. మంచు కరగగానే కంటికి ఆనని ఊదారంగు పూలు పూసి, పుప్పొడిని గాలికి వదిలేస్తుంది. పండు మాత్రం నీళ్లూరుతూ పుష్కలంగా కాస్తుంది. ఐస్‌లాండ్‌లో 1203 ప్రాంతంలో గ్రీన్‌లాండ్ బిషప్ ఒకాయన క్రోబెర్రీలతో వైన్ చేయడం నేర్పాడని, ఆయనకు ఆ విద్య నార్వే రాజు స్వెర్రె చెప్పాడని అక్కడి సాగా ఒకటి రాసిపెట్టింది.

క్రోబెర్రీ దాచుకునే తీరు మాత్రం కటువైనది. దాని ఆకు మీది గ్రంథుల్లో బటాటసిన్-3 అనే పదార్థం ఉంటుంది. వాన దాన్ని కడిగి నేలలో దింపుతుంది. ఆ నేలలో పైన్ విత్తనం మొలకెత్తడం కష్టం, మొలకెత్తినా ఎదగడం కష్టం. ఈ సంగతి ఉత్తర స్వీడన్‌లో ఉమెయో పరిశోధకులు తవ్వి తీశారు. ఆ పదార్థానికి ఆ పేరు మన పెండలం జాతి దుంప ఒకదాని నుంచి వచ్చింది. డయోస్కోరియా బటాటాస్ అనే ఆ తీగ మీద కాసే బుల్లి దుంపలను నిద్రపుచ్చి ఉంచే పదార్థంగానే దాన్ని మొదట గుర్తించారు. అక్కడ తన మొలకనే నిద్రపుచ్చేది, ఇక్కడ పక్కవాడి మొలకను ఆపేస్తోంది. దీనికి విరుగుడు అడవి మంటే. మంట మిగిల్చిన బొగ్గు ఆ పదార్థాలను పీల్చేసుకుంటుంది, పైన్ మళ్లీ లేస్తుంది.

మంట రాని చోట ఏమవుతుంది? స్వీడన్ ఉత్తరాన హోర్నావాన్, ఉడ్యౌరే అనే జంట సరస్సుల్లో చిన్నా పెద్దా లంకలు ఎన్నో ఉన్నాయి. పెద్ద లంకల మీద పిడుగు పడే అవకాశం ఎక్కువ కాబట్టి అవి తరచుగా కాలాయి. చిన్న లంకల్లో కొన్ని వేల ఏళ్లుగా కాలలేదు. యాభై లంకలను కొలిచి 1997లో ప్రచురించిన పరిశోధనలో తేలిందేమంటే, కాలని చిన్న లంకలను క్రోబెర్రీ ఆక్రమించింది. ఆకుమట్టి కుళ్లక మందంగా పేరుకుపోయింది. అడుగు నేలకు అక్కడ దాగిన కర్బనం పెద్ద లంకల కంటే ఎక్కువ. చెట్లు ఎత్తుగా పెరిగే చోట కంటే, అరజానెడు పొద రాజ్యమేలే చోట నేల ఎక్కువ దాచుకుంది. పొద ఒంట్లో మొదలైన గుణం నేల గుణంగా మారిపోయింది.

నేలను పొద చేస్తుందో, పొదను నేల చేస్తుందో గానీ, ఆ రెండింటి బంధం ఎంత గట్టిదంటే ఫిన్లాండ్‌లో అడవులను చెట్లను బట్టి కాక చెట్ల కింద ఉన్న పొదలను బట్టి వర్గీకరిస్తారు. 1909లో ఎ. కె. కాయాండర్ అనే అటవీశాస్త్రవేత్త వేసిన పునాది అది. లింగన్‌బెర్రీ ముఖ్యంగా ఉంటే ‘వాక్సీనియం తరహా’ అడవి, అంటే కొంత పొడి నేల, పైన్‌కు సరిపడేది. పైనున్న చెట్టును మనిషి నరకవచ్చు, నాటవచ్చు. కిందున్న పొద మాత్రం నేల గురించి నిజం చెబుతుందని ఆయన నమ్మకం. ఆయన తర్వాతి కాలంలో ఆ దేశానికి మూడుసార్లు ప్రధానమంత్రి అయ్యాడు. జానెడు మొక్కను అంత శ్రద్ధగా చూసినవాడికి దేశం అప్పగించారన్న సంగతి నాకు నచ్చుతుంది.

ఇంకో చుట్టం బేర్‌బెర్రీ గురించి రెండు మాటలు చాలు. ఆర్క్టోస్టాఫైలోస్ అంటే గ్రీకులో ఎలుగుబంటి ద్రాక్ష, ఉవా-ఉర్సి అంటే లాటిన్‌లో మళ్లీ ఎలుగుబంటి ద్రాక్షే. పండు ఎర్రగా ఊరిస్తుంది, కొరికితే పిండిలా చప్పగా ఉంటుంది. దాని విలువంతా ఆకులో. తోళ్లు పదును చేయడానికీ, మూత్రనాళ వ్యాధులకు మందుగానూ ఆ ఆకును వాడారు.

ఈ కుటుంబం మనకు పూర్తిగా దూరమూ కాదు. ఊటీ వెళ్లినవాళ్లు కీళ్లనొప్పులకని వింటర్‌గ్రీన్ తైలం సీసా తెచ్చుకుంటారు కదా, నీలగిరుల్లో దాన్ని తీసే గాల్తేరియా మొక్క ఈ ఎరికేసీ కుటుంబానిదే. అదే తోలు ఆకు, అదే వేలాడే తెల్ల గంటలు, అదే పుల్లటి నేల మీద ఇష్టం. కొండ ఎత్తు ఇచ్చిన చలిని పట్టుకుని అది దక్షిణాదిలో కాపురం పెట్టింది.

స్టాక్‌హోమ్‌లో, హెల్సింకీలో, ఓస్లోలో ఇప్పుడు తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. వాళ్లకు ఒక మనవి. వచ్చే సెప్టెంబరులో పిల్లల్ని తీసుకుని దగ్గరి పైన్ అడవికి వెళ్లి నేల మీద కూర్చోండి. ఎర్రపండు కనిపిస్తే నోట్లో వేసుకునే ముందు ఆకు వెనక్కి తిప్పి చూడండి. నల్లచుక్కలు ఉంటే లింగన్‌బెర్రీ. చుక్కలు లేకుండా వల అల్లినట్టు ఈనెలు మాత్రమే ఉంటే బేర్‌బెర్రీ. పండునూ చూడండి. జామకాయకు ఉన్నట్టు కొసన కిరీటం ఉంటే లింగన్‌బెర్రీ, వంకాయకు ఉన్నట్టు ముచ్చిక తొడిమ వైపు ఉంటే బేర్‌బెర్రీ. రెండు ఆనవాళ్లూ కుదిరితేనే కోయండి, అనుమానంగా ఉంటే అక్కడివాళ్లను అడగండి. ఇంటికి తెచ్చాక ఒక చిన్న సీసాలో పండ్లు పోసి, నీళ్లు నింపి, చల్లటి చోట పెట్టండి. సంక్రాంతి నాడు మూత తీసి చూడండి. బాగానే ఉంటాయి.